బీరప్ప చచ్చిన సీను

ఇడపనూరులో మా ఎదురింటి రంగవ్వ పత్తి మూటను ఒక్క ఊపుతో ట్రాక్టరులోకి ఎత్తేస్తుంది. రాయచూరు రైసుమిల్లులో పనిచేసే ఆమె మొగుడు బీరప్ప ఆమె భుజం దాకా కూడా రాడు. పెళ్ళినాటి నుంచి ఊరు వాళ్ళను చూసి నవ్వుతూనే ఉంది. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

హైదరాబాదు నుంచి వచ్చిన వాసు అనే కుర్ర డైరెక్టరు అందుకే వాళ్ళను పట్టుకుని వదల్లేదు. అతను తీసేది కొట్లాటల కామెడీ. పొట్టి మొగుడు, పొడుగు పెళ్ళాం, వాళ్ళ మీద పడే రౌడీలు. తలలు పగలాలి, ఎర్రరంగు చిమ్మాలి, జనం పడీపడీ నవ్వాలి. మూతపడిన ఓ మిల్లులో ఇరవై రోజులు తీశారు. రంగవ్వకు తోడుగా నేనూ రోజూ వెళ్ళాను. రబ్బరు రోకలితో రంగవ్వ పదిమందిని ఉతికి ఆరేసింది. ఆమెను అంత హుషారుగా నేనెప్పుడూ చూడలేదు.

చివరి రోజు వచ్చింది అసలు తంటా. బీరప్ప రౌడీల ముందు చచ్చినట్టు నటిస్తాడు. ఆ సంగతి తెలియని పెళ్ళాం గాజులు పగలగొట్టుకుని ఏడవాలి.

రంగవ్వ కూలబడింది. "మొగుడు బతికుండంగ గాజులు పలగ్గొట్టుకుంటరా? నాతోని గాదు."

"మీవి కాదక్కా, మేమిచ్చే గాజులే. మీవి తీసి పక్కన పెట్టండి," అన్నాడు వాసు.

ఒంటినిండా రంగు పూసుకుని కళ్ళు మూసుకున్న బీరప్ప కూడా కసిరాడు. "జల్ది కానియ్యే. ఈగలు ముసురుతున్నయ్."

సరేనంది. కానీ చేతులు బోసిగా ఎలా ఉంచుకుంటుంది? తన పచ్చగాజులు తీయకుండానే వాళ్ళ ఎర్రగాజులు పైన తొడుక్కుంది. చీర కొంగు చాటున ఎవరూ గమనించలేదు. రాతికేసి కొట్టేసరికి రెండూ పోయాయి. మణికట్టు తెగింది. కింద పచ్చముక్కలు చూసి ఆమె శోకాలు పెట్టింది. వాసు మాత్రం చప్పట్లు కొట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

బీరప్ప ఒంటి రంగు కడుక్కునేలోపే నన్ను వెంటబెట్టుకుని పోయి బజారులో కొత్త పచ్చగాజులు వేయించుకుంది. "మా ఆయనకు చెప్పకు. నోట్లకెళ్ళి బయటికొస్తే నిజమైతదేమో," అని నా చేత ఒట్టు వేయించుకుంది.

ఇక ఆ తర్వాత ఆమెకు నిలకడ లేదు. బీరప్ప మిల్లుకు బయలుదేరితే రోడ్డు దాకా వెంటపోయేది. చేలో పత్తి తీస్తూ తీస్తూ ఆగి ఫోను చేసేది. మిల్లు మోతలో అతనికి వినపడక ఎత్తకపోతే పని వదిలేసి గట్టెక్కి నిలబడేది. ఓసారి బస్సు చెడిపోయి అతను గంట ఆలస్యమయ్యాడు. రంగవ్వ అతన్ని వెతుకుతూ, రాయచూరు బస్సనుకుని చిక్కసూగూరు బస్సెక్కి, అది తప్పు బస్సని కండక్టరు చెబితే దిగింది.

"సినిమాల రౌడీలను కొట్టినవ్, ఇప్పుడు నా పానం దీస్తున్నవ్. ఏందే నీ బాధ?" అని బీరప్ప విసుక్కునేవాడు. ఆమె చెప్పేది కాదు. నాకు నోటిదాకా వచ్చేది, ఒట్టు గుర్తొచ్చి మింగేదాన్ని.

పది నెలలకు సినిమా రాయచూరులో ఆడింది. ముగ్గురం వెళ్ళాం. రోకలి దెబ్బ దెబ్బకూ హాలంతా ఈలలు. బీరప్ప తొడ చరుచుకుంటూ నవ్వాడు. రంగవ్వ మాత్రం కుర్చీ అంచున కూర్చుంది.

ఆ సీను వచ్చింది. తెరమీద ఆమె రాతికేసి చేతులు కొట్టుకుని గుండెలవిసేలా ఏడుస్తోంది. పక్కన చచ్చినవాడు కళ్ళు తెరవకుండానే ఈగను తోలాడు. జనం పొట్టలు పట్టుకున్నారు. ఆ తర్వాత ఆమె చేయి తెరనిండా కనిపించింది. రక్తం, ఎర్రముక్కలు, వాటి మధ్య పచ్చముక్కలు.

బీరప్ప నవ్వు ఆగిపోయింది.

"అవి నీయి గదానే."

రంగవ్వ కొంగును చేతుల మీదికి లాక్కుంది.

"గిట్ల ఏడ్చినవా? నేను నాటకమనుకున్న."

"కండ్లు మూసుకొని పన్నవ్ గదయ్యా, నీకెట్ల కనవడ్తది?"

హాలు ఇంకా నవ్వుతూనే ఉంది. బీరప్ప లేచి ఆమె చేయి పట్టుకుని లాగాడు.

"ఇంగ సగం సినిమా ఉన్నది," అంది రంగవ్వ.

"ఆఖరికి నేను బతికే ఉంట, నాకు దెలుసు. పా, ఇంటికి పోదం."