కర్రోడి కషాయం

"ఇది కుక్క నోరా, పచ్చడి జాడీనా?" అన్నాడు నరసరావుపేట పశువుల డాక్టరు, మా కర్రోడి దవడలు విడదీసి వాసన చూసి. నాయనమ్మ, బాబాయి, నేను ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. చిగుళ్లు అంతకుముందు వారం కంటే తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "నేనిచ్చిన మాత్రలు గాక ఇంకేం పెట్టారు? నిజం చెప్పండి" అన్నాడాయన.

ఆ రోజుల్లో మా నాదెండ్ల వైపు ఏ వీధికెళ్లినా జ్వరాలే. రోగనిరోధక శక్తి పేరుతో ప్రతి ఇంట్లో ఏదో ఒకటి కాగుతూనే ఉండేది. నేను పేపర్లో కొత్తగా చేరి, జ్వరాల వార్తలు పంపడంలో తలమునకలుగా ఉన్నాను (మా వరండాలో కుక్క అన్నం మానేసిన సంగతి మాత్రం నాకు ఆఖరున తెలిసింది). పిడుదులు కుట్టడం వల్ల వచ్చిన జ్వరమనీ, రక్తం పడిపోతోందనీ చెప్పి డాక్టరు మాత్రలిచ్చాడు. వారమైనా కర్రోడు లేవలేదు. అందుకే మళ్లీ ఆటోలో వేసుకుని తెచ్చాం.

ముందు బాబాయి గొంతు సవరించుకున్నాడు. "డెంగీలో నన్ను బతికించింది బొప్పాయాకేనండీ. ఆ రసమే కాస్త పోశా." తర్వాత నేను, "హోమియో గుళికలు సార్, ఆఫీసులో ఒకాయన ఇచ్చాడు" అన్నాను. బాబాయి నావైపు కోపంగా చూశాడు, తన వైద్యాన్ని నేనే చెడగొట్టినట్టు.

"నేనేం పెట్టలా. తిప్పతీగ కషాయం పోశా, అంతే" అంది నాయనమ్మ.

"మరి ఈ వెల్లుల్లి వాసన?"

"కషాయం చానా చేదు గదయ్యా! వెల్లుల్లి కారం కలిపి ముద్ద పెడితేగాని మింగడు. వెల్లుల్లి ఒంటికి మంచిదేగా."

డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు. "కుక్కకది విషమమ్మా. ఉన్న రక్తాన్ని కూడా విరిచేస్తుంది."

నాయనమ్మ చెయ్యి కర్రోడి తల మీదే ఆగిపోయింది. "బతుకుతాడా?" అంది చిన్నగా.

"చూడాలి. మాత్రలు మానొద్దు. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏమీ లేకుండా కోడిమాంసం ఉడికించి పెట్టండి. మిగతా వైద్యాలన్నీ ఆపండి."

కారం పడని కోడికూర మా పొయ్యి మీద ఉడకడం అదే మొదలు. "ఏందిరా ఇది, ఇదే రోగిష్టిదానిలా ఉంది" అని నాయనమ్మ గొణిగింది. కర్రోడు వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. ఆమె వాడి పక్కనే నేల మీద కూర్చుని, ఒక ముక్క తన నోట్లో వేసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని మింగింది. "చూడు, నేను తిన్లా? తిను నాయనా." వాడు ఆమెనే కాసేపు చూసి, అరచెయ్యి నాకి, ఒక ముక్క అందుకున్నాడు. ఇక ప్రతి పూటా అదే తంతు. "రోగం వాడికా, నీకా అమ్మా?" అని బాబాయి నవ్వితే, "నోర్ముయ్యరా, వాడు లేచిందాకా నీక్కూడా ఇదే కూర" అంది. అన్నంత పనీ చేసింది.

కర్రోడు లేచాడు. మాత్రలు పనిచేశాయని డాక్టరు సంతోషించాడు. నాయనమ్మ కొంగు సర్దుకుంది. వానాకాలంలో పెరటి గోడంతా అల్లుకోవాల్సిన తిప్పతీగ మాత్రం ఆ నెల బోడిగానే ఉంది. అడిగితే, "మేక తినుంటదిలే" అంది. మా వీధిలో ఎవరికీ మేకల్లేవు.

ఇప్పుడామె లేదు, కర్రోడూ లేడు. తీగ గోడ దాటి పక్కింట్లోకి పాకింది. మా అమ్మాయి తెచ్చుకున్న కుక్కపిల్ల నిన్నటి నుంచి ఏమీ ముట్టడం లేదు. రక్తపరీక్షకు ఇచ్చి వచ్చాం. కషాయాల వల్ల ఒరిగేదేమీ లేదని ఇన్నేళ్లుగా అందరికీ చెబుతూ వచ్చిన నేను, పొద్దున్నుంచి పెరట్లోకి ఎందుకొస్తున్నావని మా ఆవిడ అడిగితే, మేకలేమైనా వచ్చాయేమోనని చూస్తున్నానన్నాను. రిపోర్టు ఇంకా రాలేదు.