కంచె అవతల పసుపు గుడ్డలు

దయ్యాల సంగతులు వాట్సాప్ గ్రూపులో వస్తే చదవకుండానే తుడిచేసే రకాన్ని నేను. చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా వింత జరిగిందంటే ముందు రుజువు చూపించమంటాను. మా ఆవిడ నన్ను అనుమానం పక్షి అంటుంది. ఇప్పటికీ దయ్యాలున్నాయని నేను అనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇందులో నేను చెప్పిన ఒక అబద్ధం కూడా ఉంది. రాయడానికి రెండేళ్లు పట్టింది అందుకే.

మేముండేది మెల్‌బోర్న్ పడమటి వైపు, టార్నీట్‌లో. మా వీధి చివర రాజన్న ఉండేవాడు. ఆయనది కరీంనగర్ వైపు, నాది గుంటూరు జిల్లా. చుట్టరికం ఏమీ లేదు. నాకన్నా పన్నెండేళ్లు పెద్ద, మొదటి రోజు నుంచీ తమ్మీ అనే పిలిచాడు. ఆయనకు జింకల వేట లైసెన్సు ఉంది. నాకూ లైసెన్సు ఇప్పించి వేట నేర్పింది ఆయనే.

ఇక్కడి కొండల్లో సాంబార్ జింకలు ఎక్కువ. మన అడవుల్లో కణుజు అంటారే, అదే. ఎప్పుడో మన వైపు నుంచి ఓడల్లో తెచ్చి వదిలారట. ఇప్పుడవి పెరిగిపోయి పచ్చిక మేసేస్తున్నాయని రైతులే వేటగాళ్లను రానిస్తారు. "ఇదిగూడ మన లెక్కనే వచ్చింది తమ్మీ. దీనికి ఈడనే ఉండనీకి పీఆర్ ఎవలిచ్చిండ్రో" అని రాజన్న నవ్వేవాడు.

నవ్వులాట అంతవరకే. వేటలో ఆయనకు పట్టింపులు ఎక్కువ. వంద మీటర్లు దాటితే కాల్చకూడదు. బయలుదేరే ముందు ప్రతిసారీ షూటింగ్ రేంజ్‌కి వెళ్లి, కాగితం మీద రెండు గుండ్లు కాల్చి గురి సరిచూసుకోవాలి. ఎందుకంటే మట్టిరోడ్ల కుదుపులకు తుపాకీ మీది స్కోప్ మరలు వదులవుతాయి. దెబ్బ తిన్న జంతువును వెతక్కుండా ఇంటికి పోకూడదు. అది కంచె దాటితే అవతలి యజమానికి ఫోన్ చేసి, సరేనన్నాకే తీగ దాటాలి. అడక్కుండా ఒకరి భూమిలో కాలు పెట్టడం ఆయన లెక్కలో దొంగతనమే.

వెతకడానికి ఆయనదొక పద్ధతి ఉండేది. నెత్తురు చుక్క కనిపించిన ప్రతిచోటా కొమ్మకు ఒక గుడ్డముక్క కట్టేవాడు. అందరూ ప్లాస్టిక్ టేపు వాడతారు, అది అడవిలో చెత్తవుతుందని ఆయనకు గిట్టదు. వాళ్లావిడ, అంటే మా వదిన, పాత నూలు చీర, పసుపు రంగుది, చింపి ఇరవై ముక్కలు కట్టగట్టి సంచిలో పెట్టుకునేవాడు. పని అయ్యాక అన్నీ విప్పి లెక్కపెట్టుకుని తెచ్చేవాడు. ఒక కొస లాగితే ఊడివచ్చే ముడి అది. వాళ్ల నాయన ఎడ్లను కట్టే ముడి అట. నాకు ఎన్నిసార్లు నేర్పినా రాలేదు.

జింక దొరికాక దాని నోట్లో నాలుగు చుక్కల నీళ్లు పోసి, ఒక ముక్కతో కళ్లు కప్పి, ఆ తర్వాతే కత్తి తీసేవాడు. నాకది చాదస్తంగా ఉండేది.

రెండేళ్ల కిందటి జూన్‌లో, మెల్‌బోర్న్‌కు తూర్పున గిప్స్‌ల్యాండ్ కొండల్లో ఒక రైతు పొలానికి నా కారులో వెళ్లాం. ఆ వారం నాకు బద్ధకమై రేంజ్‌కి వెళ్లలేదు. వెళ్లానని రాజన్నతో చెప్పాను. మధ్యాహ్నం రాజన్నకు ఎందుకో ఆయాసంగా ఉండి కొండ కింద కూర్చుండిపోయాడు. నేనొక్కణ్నే పైకెక్కాను.

కంచెకు ఇవతల ఒక ఆడజింక మేస్తోంది. దూరం ఎంతుందో నాకు తెలుసు. రెండు వందల మీటర్లకు తక్కువ లేదు. అయినా కాల్చాను. అది వీపు వంచి ముడుచుకుంది. పొట్టలో తగిలితేనే అలా ముడుచుకుంటుందని రాజన్న చెప్పి ఉన్నాడు. ఒక్క ఉదుటున కంచె దూకి కిందికి వెళ్లిపోయింది.

కంచె దాకా వెళ్లాను. పై తీగ మీద నెత్తురు, నాలుగు వెంట్రుకలు. అవతల వాలంతా ఫెర్న్ పొదలు. బాగా చూశాను, అక్కడ ఇంకేమీ లేదు. అవతలి భూమి ఒక పెద్దావిడది. ఆమె నంబరు రాజన్న దగ్గరుంది.

అప్పుడే చేతి రేడియోలో ఆయన గొంతు వినిపించింది.

"తాకిందా తమ్మీ?"

"తగల్లేదన్నా. మిస్సయింది."

"పక్కానా?"

"పక్కా అన్నా."

"సరే, రా" అన్నాడు.

ఎందుకు చెప్పానంటే సిగ్గుపడి. స్కోప్ చూసుకోలేదని, అంత దూరం నుంచి కాల్చానని ఒప్పుకోవాల్సి వస్తుందని. అంతకు మించి కారణం లేదు.

తిరుగు దారిలో రాజన్న ఎడమ భుజం పట్టుకున్నాడు. గ్యాస్ అన్నాడు. నేను వినకుండా దగ్గర్లోని ఊళ్లో ఆసుపత్రికి తిప్పాను. అక్కణ్నుంచి ఆంబులెన్స్‌లో మెల్‌బోర్న్ తెచ్చారు. మళ్లీ మంచం దిగలేదు. ఆ మూడు రోజులూ వదినా నేనూ వంతులవారీగా పక్కన కూర్చున్నాం. నా వంతు వచ్చినప్పుడల్లా చెప్పేద్దామనుకునేవాణ్ని. కాస్త కోలుకోనీ అనుకునేవాణ్ని. మూడో రోజు పొద్దున పోయాడు.

ఆయన సంచి నా కారు డిక్కీలోనే ఉండిపోయింది. పదకొండో రోజు అయ్యాక ఆయన కూతురు సహస్ర అడిగింది, "అంకుల్, డాడ్ బ్యాగ్ మీ దగ్గరే ఉందా? అమ్మ ఈజ్ ఆస్కింగ్."

ఇవ్వడానికి బయటికి తీశాను. గుడ్డల కట్ట పైనే ఉంది. వేసిన ముడి వేసినట్టే ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు, మేం వేటకు వెళ్లిన పొలం రైతు దగ్గర పెద్దావిడ నంబరు తీసుకుని ఫోన్ చేశాను. ఈసారి అబద్ధం చెప్పలేదు. ఆమె జింక ఎటు దూకిందో అడిగింది. తర్వాత "కమ్ అండ్ ఫైండ్ హర్ దెన్, లవ్" అంది, అయితే వచ్చి వెతుకు నాయనా అన్నట్టు.

వేటకు వెళ్లి పదహారు రోజులైంది. తుపాకీ తీసుకెళ్లలేదు, రాజన్న సంచి మాత్రం భుజాన వేసుకున్నాను. పెద్దావిడ గేటు తాళం తీస్తూ, నెల రోజులుగా ఆ వైపు తానే వెళ్లలేదని చెప్పింది. ముందు రోజంతా వాన.

కంచె పక్కనే, తీగకు అవతలి వైపు, ఫెర్న్ కాడకు పసుపు గుడ్డముక్క కట్టి ఉంది.

పది అడుగుల దూరంలో ఇంకొకటి. తర్వాత ఇంకొకటి. అన్నీ అదే ముడి. మొదటిదాని కొస లాగాను, ఊడి చేతికొచ్చింది. పొదలన్నీ నీళ్లు కారుతున్నాయి. గుడ్డ మాత్రం పొడిగా ఉంది.

ఫోన్‌తో ఫొటోలు తీశాను. ఫొటోల్లోనూ ఉన్నాయి. మొత్తం పదకొండు. మధ్యలో రెండుచోట్ల, వాన పడని పొదల కింద, గడ్డి అణిగి, నల్లబడ్డ నెత్తురుంది. పడుకుని, లేచి, మళ్లీ నడిచింది. పదకొండో ముక్క దగ్గర సన్నటి వాగు, దాని ఒడ్డున జింక. నీళ్ల దాకా వచ్చి పడిపోయింది. నక్కలూ కాకులూ వదిలిందే మిగిలింది. తల మాత్రం ఉంది.

దాని కళ్లు ఎవరూ కప్పలేదు. అంత దారి చూపించి, ఆ ఒక్క పనీ నాకు వదిలినట్టుంది.

సంచిలోని కట్ట విప్పి లెక్కపెట్టాను. ఇరవై. ఒకటి తీసి దాని ముఖం మీద కప్పి, వాగులోంచి దోసెడు నీళ్లు తెచ్చి నోటి దగ్గర పోశాను. "మిస్సవలేదన్నా, తగిలింది" అని పైకే చెప్పాను. అక్కడే కూర్చుని ఏడ్చాను.

సంచీ, పదకొండు ముక్కలూ వదినకు ఇచ్చి అంతా చెప్పాను. ఆమె ముక్కలను ఒళ్లో పరుచుకుని అంచు తడిమి చూసింది. "నా చీరే. గని ఇరవై ముక్కలు పోంగ దీంట్ల ఏం మిగలలే. ఏటకు పొయ్యేముందు నేనే చింపిచ్చిన" అంది.

తర్వాత నా వైపు చూడకుండా ఇంకో మాట చెప్పింది.

"నువ్వు అబద్ధమాడినవని మీ అన్నకు ఎరుకే. దవాఖానల నాతోని అన్నడు, 'గొంతుల్నే తెలిసింది. ఏమనకు వాణ్ని. వాడే పోతడు, పోయి ఎతుకుతడు' అని."

ఆ గుడ్డలు అక్కడికెలా వచ్చాయో నాకు తెలియదు. రెండేళ్లుగా అన్ని వైపుల నుంచీ ఆలోచించాను, ఏ లెక్కా కుదరలేదు. కొండ దిగి రాజన్న దగ్గరికి రావడానికి ఆ రోజు నాకు పది నిమిషాలు పట్టింది. నిజం చెప్పడానికి పదహారు రోజులు పట్టింది. ఆ జింకకు అంత సమయం లేదు. ఆయనకూ లేకపోయింది.