వాల్పుర్గా దొరసాని కనిపెట్టిన జబ్బు

వాల్పుర్గా దొరసానికి ఆరోగ్యంగా ఉన్న మనిషిని చూస్తే నిద్రపట్టేది కాదు. ఎవరు ఎదురుపడినా కుశలం అడగడానికి ముందే "ఏదీ, నాలుక చాపు" అనేది. ఆ మాట వినబడితే ఆ కోటలో వేటకుక్కలు కూడా నాలుకలు లోపలికి లాక్కునేవని వంటింట్లో చెప్పుకునేవారు.

జర్మనీలోని ఫ్రాంకోనియా కొండల్లో ఆ రోజుల్లో మూలికలు మరిగించి మందునీళ్ళు దించని దొరసాని లేదు. అయితే మిగతా కోటల్లో దొరసానులు జబ్బు చేసినవాళ్ళకు మందిచ్చేవాళ్ళు. ఈవిడ అంతవరకూ ఆగేది కాదు.

ఆవిడ దగ్గర పనిచేసిన ఒట్టిలీకి ముసలితనంలో కూడా ఆ మందుల గది వాసన గుర్తుకొస్తే ముక్కుమీదికి చెయ్యి వెళ్ళేది. మాచిపత్రి, వెల్లుల్లి, ఇంకా పేరు తెలియని వేళ్ళేవో రాగి కాగులో కలిసి ఉడికే కంపు అది. దొరసాని పోయిన తర్వాత ఆ గదిని కడిగి సున్నం కొట్టించారు. శుభ్రమైన ఆ గదిలో నిలబడి ఒట్టిలీ వెక్కివెక్కి ఏడ్చింది.

ఒక ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రసంగం మధ్యలో చిన్నగా దగ్గారు. ముందు వరస బల్ల మీంచి దొరసాని లేచింది.

"పాస్టరుగారూ, అది మామూలు దగ్గు కాదు. మధ్యాహ్నం కోటకి రండి."

"గొంతులో పొరపోయిందమ్మా, అంతే!"

"అందరూ అలాగే అంటారు."

ఆనాటి నుంచీ ఎక్కడ దగ్గు వస్తుందోనని పాస్టరుగారు ప్రసంగాలు సగానికి తగ్గించేశారు. ఊరంతా దొరసానిని మనసారా దీవించింది.

ఆవిడ భర్త ఎబర్‌హార్ట్ దొర మరీ గడుసువాడు. భార్య గరిటె పట్టుకుని మెట్లు దిగుతున్న అలికిడి వినగానే ఆయనకు కుక్కల కొట్టంలో అర్జంటు పని పడేది. ఆ కుక్కలంటే ఆయనకు ప్రాణం. కొడుకు గుర్రం మీంచి పడితే "లే, లే" అన్న మనిషి, కుక్క కాల్లో ముల్లు గుచ్చుకుంటే రెండు పూటలు అన్నం ముట్టలేదు.

ఒట్టిలీకి అర్థం కానిది ఒక్కటే. నిజంగా మంచాన పడ్డవాళ్ళ జోలికి దొరసాని వెళ్ళేదే కాదు, పట్నం నుంచి వైద్యుణ్ణి పిలిపించేది. రాయిలా ఉన్నవాళ్ళను మాత్రం పట్టుకుని జబ్బు అంటగట్టేది. ఒక చలికాలం కుమ్మరి ముసలాయన వద్దు మొర్రో అంటున్నా వినకుండా వేటరోజున మంచం ఎక్కించింది.

"అమ్మగారికి చాదస్తం ముదురుతోంది" అనుకుంది ఒట్టిలీ.

అడవిపందుల వేటంటే ఆ ఊళ్ళో ఇంటికొక మనిషి వెళ్ళి తీరాలి. పళ్ళేలు మోగిస్తూ, కేకలు పెడుతూ జంతువుల్ని దొర ఉన్న వైపు తరమాలి. తాతలనాటి కట్టు అది. ఒకరిని వదిలేస్తే రేపు అందరూ అడుగుతారని దొర ఎవరినీ వదిలేవాడు కాదు, జబ్బుపడితే తప్ప.

ఆ యేడు చెట్టు మీదపడి ఊళ్ళో లీన్‌హార్ట్ అనే అతని కాలు విరిగింది. ఆ ఇంటి తరఫున అతని భార్య ఆఫ్రా వచ్చింది, నిండు గర్భంతో. కడుపుతో ఉండటం జబ్బు కాదని దొర గుమాస్తా తేల్చేశాడట. అంతకుముందు ఏడు ఇలాగే మంచులో పరుగులు పెట్టిన ఒకామె బిడ్డను అడవిలోనే పోగొట్టుకుంది. అది తలుచుకుని ఆఫ్రా పళ్ళేన్ని కడుపుకి అడ్డంగా పట్టుకుంది.

దొరసాని గౌను చేతులు పైకి మడుచుకుంటూ కోట వాకిట్లోకి వచ్చింది.

"ఏదీ, నాలుక చాపు."

ఆఫ్రా చాపింది. దొరసాని గుండెమీద చెయ్యేసుకుంది.

"అయ్యయ్యో! ఇది అంటుజబ్బు!"

దొర పకపకా నవ్వాడు. "కుమ్మరిదీ అంటుజబ్బే అన్నావు. ఎవడికంటింది? పదండి, పదండి!"

"ఇది మనుషులకి అంటదండీ," అంది దొరసాని. "కుక్కలకి అంటుతుంది."

దొర మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఒరేయ్! కుక్కల్ని వెనక్కి లాగండ్రా! ఏయ్ ఆఫ్రా, నువ్వు అక్కడే ఉండు, కదిలావంటే ఊరుకోను!"

"ఇంటికి పంపితే ఊరకుక్కల ద్వారా వస్తుందండీ. నా మందుల గదిలో పొయ్యి పక్కన ఉంచాలి."

"ఉంచు, ఉంచు! ఎన్నాళ్ళుంటుంది ఈ పాడు జబ్బు?"

"బిడ్డ పుట్టేదాకా."

అనేసి నాలుక కరుచుకుంది. దొర భార్య వంక చూశాడు. ఆఫ్రా కడుపు వంక చూశాడు. చలికి నీలం తిరిగిన ఆమె పాదాల వంక చాలాసేపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"వాళ్ళ ఇంటికి కట్టెలు పంపించండ్రా. మొగుడికి కూడా అంటుకుని ఉంటుంది."

"మనుషులకి అంటద..." అనబోయిన దొరసానిని, కట్టెలు ఎక్కడ పోతాయోనని ఒట్టిలీ వెనకనుంచి గిల్లింది.

వేటవాళ్ళు వెళ్ళిపోయాక ఒట్టిలీ అలవాటుగా చేదుమందు సీసా తెచ్చింది. దొరసాని పొయ్యి దగ్గర కూర్చుని వేడి బీరులో గుడ్డు, తేనె కలుపుతోంది.

"మందేమిటే, మతిపోయిందా? నిక్షేపంలాంటి మనిషికి మందెందుకు?"

ఒట్టిలీ సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మోకాళ్ళు పట్టేసిన కుమ్మరి ముసలాయన, చంటిపిల్లతో ఉన్న నేతగాడి భార్య, ఇన్నేళ్ళూ వేటరోజుల్లో దొరసాని జబ్బు అంటగట్టిన వాళ్ళందరూ ఒక్కొక్కరే కళ్ళముందుకొచ్చారు. చాదస్తం అనుకున్నందుకు సిగ్గేసింది, ఆవిడ మీద ప్రేమ పొంగుకొచ్చింది.

క్రిస్మస్ ముందు ఆఫ్రా ఆడపిల్లను కన్నది. దొర మందుల గది గుమ్మం దగ్గరకొచ్చి లోపలికి తొంగి చూశాడు.

"ఇంక కుక్కలకి భయం లేదుగా?"

"తల్లి పాలు పిల్ల మానేదాకా చెప్పలేమండీ," అంది దొరసాని.

"నాకూ అలాగే అనిపించింది," అన్నాడు దొర.