గీయని వృత్తం

మా అత్తని ఏదైనా అడిగితే జవాబు రాదు, కథ వస్తుంది. నేనేమో లెక్కల టీచర్ని. అడిగినదానికి జవాబు రాకపోతే నాకు ఒళ్ళు మండుతుంది.

రాష్ట్రం విడిపోయిన ఏడాది సంగతి. ఆవిడ కుడికంట్లో శుక్లం ముదిరింది. ఎడమ కన్నూ మసకబారుతోంది. ఇంకా ఆలస్యం చేస్తే చూపు దక్కడం కష్టమని శ్రీకాకుళంలో డాక్టరు గట్టిగానే చెప్పాడు. ఆవిడ మాత్రం ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని కోటబొమ్మాళి సంతకు పోతూనే ఉంది. నెత్తళ్ళేవో కవళ్ళేవో వేళ్ళతో తడిమి వేరుచేస్తోంది.

"అత్తా, ఆపరేసన్‌కి ఎప్పుడెల్దుం?" అని అడిగాను.

"ఎల్దుంలే గానీ, మూలింటి ముసిల్దాన్ని సూసేవేటే? పొద్దల్లా అరుగు మీద కూకుని, ఎవులెల్తన్నా 'ఎవుల్రా అది?' అని అడుగుతాది. ఒక్కడూ పలకడు."

మర్నాడు మళ్ళీ అడిగితే, గుడ్లు పెట్టడం మానేసిన కోడిపెట్టని వాళ్ళమ్మ గంప కింద మూసిపెట్టిన కథ చెప్పింది. ఇంకోసారి తన చిన్ననాటి జ్వరం కథ. ఎవరు ముద్ద కలిపి నోట్లో పెట్టినా మింగుడు పడేది కాదట.

"నేనడిగిందేటి, నువ్వు సెప్తన్నదేటి?" అని కసిరాను. నవ్వేసి గంపెత్తుకుంది.

స్టాఫ్‌రూములో ఈ గోడు వెళ్ళబోసుకుంటే ఇంగ్లీషు మాస్టారు నవ్వారు. "మాట ఇలా పక్కకి పోతే ఇంగ్లీషులో టాంజెంట్ మీద పోయిందంటారండీ. మీ సబ్జెక్టే కదా!"

నాకు నవ్వు రాలేదు. మా టాంజెంట్, అదే స్పర్శరేఖ, ఊరికే పక్కకి పోయే గీత కాదు. వృత్తాన్ని ఒక్కచోట తాకి మరీ పోతుంది.

ఆ వారం పదో తరగతికి అదే పాఠం. నా టిఫిన్ బాక్సు మూతని బోర్డుకి ఆనించి, దాని అంచుకి స్కేలు తాకిస్తూ చుట్టూ గీతలు గీశాను. ఒక్కోటీ మూతని ఒక్కచోట తాకి తన దారిన పోయింది. తర్వాత మూత తీసేశాను. గీతల మధ్య గుండ్రంగా ఖాళీ మిగిలింది.

"వృత్తం ఎవరు గీశారు?" అన్నాను.

"ఎవులూ గీయలేదు మేడమ్. కానీ ఉన్నాది," అంది ముందు బెంచీ పిల్ల.

చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అరుగు మీది ముసలమ్మ, గంప కింద కోడి, ఎవరో నోట్లో పెట్టిన ముద్ద. అత్త చెప్పిన కథలన్నీ ఒకదాన్నే తాకి పోయాయి. ఆ ఒక్కదాన్నే ఆవిడ నోటితో అనలేదు.

సాయంత్రం అత్త సంత నుంచి రాగానే గంప దించి పక్కన కూర్చున్నాను.

"ఆపరేసన్‌లో కళ్ళు పోతాయనీ, నిన్ను ఇంట్లో కూకోబెట్టేస్తామనీ బయపడతన్నావేటత్తా?"

ఈసారి కథ రాలేదు. కొంగు వేలికి చుట్టుకుంది. ఉప్పుకి గరుకెక్కిన ఆ చేతిని పట్టుకుంటే నాకే ఏడుపొచ్చింది. ఆవిడంటే నాకెంత ఇష్టమో అప్పుడే తెలిసింది.

"సూపు వచ్చినా రాకపోయినా నిన్ను కూకోబెట్టం. కట్టు విప్పేక మొదటి సంతకి గంప నేనెత్తుకుని నీతో వస్తాను. ఆనక నీ గంప నీదే."

"నువ్వేటే, గంపెత్తుతావా? ఆ మొకమే!" అని ఎగతాళి చేసింది. కొంగుతో మొహం తుడుచుకుంది. నేను అడిగి అడిగి విసిగిన మాటని, ఈసారి ఆవిడే అడిగింది.

"ఆపరేసన్‌కి ఎప్పుడెల్దుం?"