యాడికని అడగొద్దన్నాను

మా వైపు బయలుదేరే మనిషిని "యాడికి?" అని అడగరు. అడిగితే పోయిన పని చెడుతుందని నమ్మకం. మర్యాద తెలిసినవాళ్లు "ఎందాంక?" అంటారు, లేకపోతే "దూరమా?" అంటారు. మామూలు పనులకే ఇంత పట్టింపు ఉంటే ఇక వేటకు పోయేవాడి సంగతి చెప్పక్కర్లేదు. వాణ్ణి ఎందాంక అని కూడా అడగకూడదు, చూసీ చూడనట్టు తల తిప్పుకోవాలి. ఈ శాస్త్రమంతా నాకు మా నాయన నేర్పాడు. ఆయన దగ్గర ఇంకా మంచి గుణాలు చాలా ఉండేవి గానీ, నేను దీన్నే గట్టిగా పట్టుకున్నాను.

వేట అంటే పెద్దగా ఊహించుకోకండి. మాది కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని ఉన్న చిన్న ఊరు. పొలాలు దాటితే రాళ్ల గుట్టలు, ముళ్ల పొదలు. దాన్నే మేము అడివి అంటాం. నాకు తెలిసిన వేటంతా కౌజు పిట్టల వేట. నైలాను దారపు ఉచ్చులు వరుసగా కట్టిన తాడు భుజాన వేసుకుని తెల్లారకముందే పోవడం, పొదల మధ్య దాన్ని పరిచి రాయి చాటున కూర్చోవడం. చట్టానికి ఇది కూడా తప్పే. తెలిసే చేశాను, సాకులు చెప్పను.

పెళ్లయిన కొత్తలో ఒక పొద్దున నా భార్య వాకిలి ఊడుస్తూ, భుజాన తాడుతో బయటికొచ్చిన నన్ను చూసి నవ్వింది.

"యాడికి, గింత పొద్దుగాల?"

ఆమెకు ఊరు కొత్త, నేనూ కొత్త. మాట కలపాలని అడిగింది. వెనక్కొచ్చి కాసేపు కూర్చుని చెంబెడు నీళ్లు తాగితే దోషం పోతుందంటారు. నేను కూర్చున్నాను, తాగాను, అంతటితో ఊరుకోలేదు. "బుద్ధుందా నీకు? పోయేటోన్ని యాడికంటవా?" అని వీధంతా వినపడేలా అరిచాను. ఆ రోజు ఒక్క పిట్టా పడలేదు. ఏమీ పడని రోజులు అంతకుముందు ఎన్నో ఉన్నాయి. ఈ ఒక్క రోజుది మాత్రం ఆమె నెత్తిన వేశాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం నాది.

ఆమె మళ్లీ అడగలేదు. ముందు యాడికని అడగడం మానేసింది. తర్వాత ఎప్పుడొస్తవని మానేసింది. ఆ తర్వాత ఏం వండమంటవని కూడా మానేసింది. చెప్పకుండా సింధనూరు పట్నం పోయి రెండు రోజులు ఉండి వచ్చినా చెంబుతో నీళ్లు చేతికిచ్చి లోపలికి పోయేది. మా ఇంట్లో తకరారు, కొట్లాట అనేదే లేదని దోస్తుల దగ్గర గొప్పలు చెప్పుకునేవాణ్ణి. మాకు పిల్లలు లేరు. ఇద్దరే ఉన్న ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉందంటే ఎక్కడో ఏదో తప్పిందని నాకు ఇరవై ఆరేళ్లు తోచలేదు.

నిరుడు వానలు తగ్గాక ఒక పొద్దున గుట్టకు పోయాను. మోగితే పిట్టలు లేస్తాయని ఫోన్‌ను ఇంట్లోనే చార్జింగ్‌కు పెట్టాను. ఉచ్చులు పరిచి, కౌజులు కూస్తున్న వైపు పైకి ఎక్కుతున్నాను. రెండు బండల నడుమ ఉన్న సందును గడ్డి కప్పేసింది. కుడికాలు నేరుగా అందులో దిగింది, నేను ముందుకు బోర్లా పడ్డాను. టక్కున చప్పుడైంది. ఎండుకొమ్మ విరిగిందనుకున్నాను. కాలు కదిలించబోతే తెలిసింది విరిగింది ఏమిటో.

నవ్వకండి, మొదట నాకు వచ్చింది సిగ్గు. ఇన్నేళ్ల వేటగాణ్ణి బోర్లా పడితే ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. ఆ తర్వాత భయం వేసింది.

సందులోంచి కాలు బయటికి లాగేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. పాక్కుంటూ ఒక రేగుపొద నీడకు చేరాను. ఒళ్లంతా ముళ్లు. "ఎవరన్నా ఉన్నరా?" అని అరిచాను. మొదట మెల్లగానే అరిచాను, అటవీశాఖ గార్డు చెవిన పడితే అదొక గొడవ. ఎండ నెత్తికెక్కాక ఆ గార్డే వస్తే బాగుండునని మొక్కుకున్నాను. పది అడుగుల దూరంలో కౌజులు తాపీగా నడిచిపోయాయి. నన్ను చూసి ఒక్కటీ బెదరలేదు.

ఇక నాకున్న ఆశ ఒక్కటే. ఇంట్లో ఉన్న మనిషి నా కోసం వెతుకుతుంది. కానీ ఎక్కడని వెతుకుతుంది? మా ఊరి చుట్టూ నాలుగు గుట్టలున్నాయి. నేను ఈ గుట్టకు వచ్చానని లోకంలో ఒక్కరికీ తెలియదు. తెలియకుండా ఉండాలని ఇన్నేళ్లూ పట్టుబట్టింది నేనే.

పొద్దును బట్టి ఆమె పనులు లెక్కవేసుకుంటూ పడుకున్నాను. ఇప్పుడు బర్రెకు గడ్డి వేసి ఉంటుంది. ఇప్పుడు జొన్నపిండి కలుపుతుంటుంది. ఇప్పుడు నా రొట్టెల మీద గిన్నె బోర్లించి ఉంటుంది. నేను రాలేదని ఏమనుకుంటుందో ఊహించబోయి అక్కడే ఆగిపోయాను. ఆమె చేసే పనులన్నీ వరుసగా చెప్పగలను గానీ, అవి చేస్తూ ఆమె ఏమనుకుంటుందో ఒక్క ముక్క తెలియదు. దగ్గరి మనిషి గురించి తలుచుకోవడానికి ఏమీ దొరక్కపోవడం ఎంత ఒంటరితనమో ఆ పొద నీడలో తెలిసింది. నొప్పి అయినా నయం, మధ్యమధ్య ఆగేది.

మధ్యాహ్నం దాటాక మేకల గంటలు వినిపించాయి. వాటి వెనక వచ్చిన ముసలాయన "ఏనాయ్తప్పా?" అని, ఏమైందని కన్నడంలో అడిగి, నా మొహం చూసి తెలుగులోకి దిగాడు.

"యాడికొచ్చి యాడ పడ్డవయ్యా? ఎవరూ లేరా నీతోని?"

ఎవరూ లేరన్నాను. సీసాలో నీళ్లు తాగించి, ఫోన్ తీసి, ఇంటి నంబరు చెప్పమన్నాడు. నా భార్య నంబరు నాకు నోటికి రాదు. నోటికి వచ్చింది నా నంబరొక్కటే, అదే చెప్పాను. ఆయన స్పీకర్ పెట్టి కలిపాడు. మోగి మోగి ఆగింది. రెండోసారీ అంతే. నా ఫోన్ ముట్టొద్దని ఎప్పుడో అనే ఉంటాను. మూడోసారి ఎత్తింది.

"అమ్మా, మీ ఇంటాయన గుట్ట మీద పడ్డడు. కాలిరిగినట్టుంది."



"ఏ గుట్ట?" అంది. ఆయన చెప్పాడు. "మాట్లాడుతున్నడా?" అంది. మాట్లాడుతున్నాడన్నాడు. నాకు ఇవ్వమని అడగలేదు, పెట్టేసింది.

గంటలో ఆటో తీసుకుని, పక్కింటి అన్నదమ్ములిద్దరిని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్లు నన్ను దుప్పట్లో మోసి కిందికి దించారు. అన్నదమ్ములు అక్కడి నుంచే ఊరికి తిరిగిపోయారు. రాయచూరు ఆస్పత్రి దారిలో ఆమె నా ఎడమకాలు ఒడిలో పెట్టుకుని ముళ్లు తీస్తూ కూర్చుంది. కుదుపు వచ్చినప్పుడల్లా విరిగిన కాలికి చెయ్యి అడ్డం పెట్టేది. నాకు ఉండబట్టలేదు.

"గింత పొద్దాయె, నేను రాకపోతి. ఫికర్ గాలేదా నీకు?"

ఒక ముల్లు తీసి బయట పారేసి చెప్పింది.

"మొదట్ల అయితుండె. పొద్దు మునిగేదాంక గడపల కూసుంటుంటి. యాడ సూడాల్నో తెల్వదు, ఎవర్నడగాల్నో తెల్వదు. కొన్నేండ్లు గట్లనే ఎదురుసూసిన. ఇంక నాతోని గాలే. వస్తే వస్తడు, లేకుంటే లేదనుకున్న. ఇయ్యాల గూడ తిని పండుకున్న. ఫోన్ మోగితే లేసిన."

గొంతులో కోపం లేదు. కోపంగా అని ఉంటే ఎదురు జవాబు చెప్పేవాణ్ణి, అందులో నేను దిట్టని. వానలు సరిగా పడలేదని చెప్పినట్టు మామూలుగా చెప్పింది. నాకు దుఃఖం ఆగలేదు, బయటికే ఏడ్చాను. డ్రైవరు అద్దంలో చూసి ఆటో నెమ్మది చేశాడు.

"రోడ్డు ఖరాబున్నదన్నా, జర ఓర్చుకో. కాలు బాగ నొస్తుందా?"

ఔనన్నాను. ఆమె వంచిన తల ఎత్తకుండా ఇంకో ముల్లు తీసింది. ఎందుకేడుస్తున్నావని అడగలేదు.