సోమవారం వాయిదా

ప్లీడరు జాన్‌బాబుగారు కాలు కాలిన పిల్లి. డెబ్బైలో మల్కాపురం రేకుల గదిలో నల్లకోటు తగిలించుకున్న మనిషి, డెబ్బై ఎనిమిదిలో ఎమ్మెల్యే అయ్యాడు. ఎనభై నాలుగులో ఏదో దేశానికి రాయబారిగా వేశారు. ఆ దేశం పేరు ఆయన గుమాస్తా దాలయ్యకు నోరు తిరగలేదు. తిరక్కపోతే పోయింది, దాలయ్య బాధ వేరు.

దాలయ్యది జాలరిపేట. పేటవాళ్లు పడవలు లాక్కునే ఇసుక మీద ఒక వ్యాపారి గోడౌను కట్టబోతే, స్టే తెచ్చింది జాన్‌బాబుగారే. ఆ స్టే సోమవారంతో సరి. మరో ప్లీడరు నిలబడాలంటే కొత్త వకాల్తా మీద పాత ప్లీడరు ‘అభ్యంతరం లేదు’ అని సంతకం పెట్టాలి. దాలయ్య నెల రోజులుగా అడుగుతూనే ఉన్నాడు. “నేనే వచ్చి వాదిస్తానయ్యా” అంటాడాయన, చెప్పులు వేసుకుంటూ.

“అమ్మా పెట్టదు, అడుక్కు తినానియ్యదు” అన్నాడు పేట పెద్ద కన్నబాబు. “ఈయన ఇలాగే రైలెక్కెల్లిపోతే మన పడవలెక్కడెట్టుకుంటాం బావా?”

శనివారం పొద్దున్న స్టేషన్లో దండల మధ్య జాన్‌బాబుగారు అటూ ఇటూ తిరుగుతున్నాడు. పద్నాలుగేళ్లుగా దాలయ్య వేలు పెట్టిన చోటల్లా చదవకుండా సంతకం చేసే మనిషాయన. అదే ధైర్యంతో దాలయ్య, ఆఫీసు గది ఖాళీ చేసే కాగితాల నడుమ వకాల్తా దూర్చి పెన్ను అందించాడు. రెండు సంతకాలు పడ్డాయి. మూడోదాని దగ్గర పెన్ను ఆగింది. ఖర్మ, ఆ రోజే చదవాలా!

“నన్ను తీసేస్తన్నావేటి దాలయ్యా?”

దాలయ్య చేతులు జోడించాడు. “దొంగసాటుగా ఎట్టించబోనాను, తప్పే బాబూ. తమరు దేశం తరపున మాటాడ్డానికెల్తన్నారు. సోమారం మా తరపున మాటాడ్డానికి మనిసి కావాల.”

జాన్‌బాబుగారు కాగితం మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఊళ్లో ఆయన చేతిలో మిగిలిన కేసు అదొక్కటే. గార్డు ఈల వేశాడు. ఆయన కాగితాన్ని దాలయ్య వీపు మీదే ఆనించి, నిదానంగా సంతకం పెట్టాడు. కదులుతున్న పెట్టె ఎక్కి, “కొత్త ప్లీడర్ని మీ పేట పోతమ్మ సాక్ష్యం ముందు చదవమను. పదకొండో పేజీ” అన్నాడు.

సోమవారం పదకొండో పేజీ చదివాకే జడ్జి స్టే పొడిగించాడు. కన్నబాబు పేటకు పరుగెత్తాడు. దాలయ్య మాత్రం కోర్టు వరండాలో కూర్చుని ఏడ్చాడు. పద్నాలుగేళ్లలో ఆయన చదివి పెట్టిన సంతకం అదొక్కటే.