రాయప్ప గారి పేరు దగ్గర నెమ్మదించిన చక్రం

అది 2023. యానాంలో ఒక మందుల షాపు పైఅంతస్తులో కూర్చుని వెబ్‌సైట్లు తయారు చేస్తున్నాను. రొయ్యల మేత డీలర్లు, కల్యాణమండపాల వాళ్ళు, ట్యూషన్ సెంటర్ల వాళ్ళు నాకు పని ఇచ్చేవారు. ఆ ఏడు మా గుడి ఫాదర్ గారు కూడా ఒక పని అప్పగించారు.

మరియమాత పండుగనాడు తేరు కదిలే ముందు ఒక కుటుంబం అమ్మకు తొలి దండ వేసి, తాడు మీద తొలి చెయ్యి వేస్తుంది. ఆ కుటుంబాన్ని చీటీతో ఎన్నుకోవడం మా ఆచారం. ఇదివరకు ఇత్తడి చెంబులో చీటీలు వేసి తీసేవారు. ముందటి ఏడు చీటీ మడతలో గుర్తు పెట్టారని ఎవరో అనడంతో మాటా మాటా పెరిగింది. అందుకని ఈసారి పందిట్లో తెర మీద, అందరి కళ్ళముందూ తిరిగే పేర్ల చక్రం కావాలన్నారు ఫాదర్ గారు.

పని చిన్నదే. జావాస్క్రిప్ట్‌లో బొమ్మను కదిలించడమంటే, తెర తనను తాను కొత్తగా గీసుకునే ప్రతిసారీ ఆ బొమ్మను కొంచెం జరపడం. అలా గీసుకున్న ఒక్కో బొమ్మ ఒక ఫ్రేమ్. ప్రతి ఫ్రేములోనూ ఒకే దూరం జరిపితే చక్రం చివరిదాకా ఒకే వేగంతో తిరిగి ఠక్కున ఆగిపోతుంది. ఎవరో పట్టుకుని ఆపినట్టుంటుంది. అలా కాకుండా, మిగిలిన దూరంలో కొంత వంతు మాత్రమే జరపమని రాస్తాం. మిగిలింది తగ్గేకొద్దీ అడుగు కూడా తగ్గుతుంది. ఇంజను ఆపిన పడవ రేవుకు చేరినట్టు చక్రం నెమ్మదిస్తుంది. దీన్ని మా పనిలో ఈజింగ్ అంటారు.

చూసేవాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. ఎవరి పేరన్నది చక్రం తిరిగి తేల్చదు. బటన్ నొక్కిన క్షణంలోనే కంప్యూటర్ ఒక పేరు ఎంచేస్తుంది. తర్వాత తిరగడం, నెమ్మదించడం అన్నీ ఆ పేరు దాకా నడిచే దారి మాత్రమే.

ఈ సంగతి ఉపదేశి బాలస్వామి గారికి చెప్పాను. చిన్నప్పుడు నాకు జపాలు నేర్పింది ఆయనే. మర్నాడు మెట్లెక్కి నా గదికి వచ్చారు.

"శౌరీ, నొక్కగానే పేరు తేలిపోద్దన్నావు గదా. ఆ పేరేదో నువ్వే ఇచ్చెయ్యొచ్చా?"

"ఒక్క లైను మారిస్తే చాలండి."

"అయితే రాయప్ప పేరు ఇచ్చెయ్యరా."

రాయప్ప గారు ఫరంపేటలో చేపలవేట మీద బతికిన మనిషి. తొలి దండ కోసం ఏటా పేరు ఇచ్చేవారు, ఎప్పుడూ రాలేదు. ఆ ఏడు లివరు పూర్తిగా చెడిపోయింది. ఇంక ఇంటికి తీసుకెళ్ళిపొమ్మని కాకినాడ డాక్టర్లు చెప్పేశారు. మరో పండుగ ఆయనకు లేదని ఊళ్ళో అందరికీ తెలుసు.

"ఇందులో పాపం ఏటుందిరా? ఒకడి నోటి దగ్గర కూడు లాక్కోవడం లేదు గదా" అన్నారు ఉపదేశి గారు.

"మిగతా ఇళ్ళవాళ్ళు కూడా మోకాళ్ళ మీద అడుగుతారు గదండీ. అపొస్తలులు ప్రార్థన చేసి చీట్లు వేశారని మీరే నేర్పారు. పేరు ముందే రాసుకుని ప్రార్థన చేశారని నేర్పలేదు."

"నీకు నేర్పడమే నా తప్పురా అబ్బాయ్" అంటూ లేచారు. కోపంగా కాదు. కండువాతో కళ్ళు ఒత్తుకుంటూ మెట్లు దిగిపోయారు.

ఆ తర్వాత నాకు చెయ్యి ఆడలేదు. దయ చూపే వీలు చేతిలోనే ఉండగా చూపకపోవడం నీతి అవుతుందా, గర్వం అవుతుందా? ప్రార్థనలో అడిగాను. స్పష్టంగా ఏమీ తోచలేదు. లైను మాత్రం మార్చలేదు.

పండుగకు ముందు రాయప్ప గారే కబురు పెట్టారు. వెళ్ళేసరికి మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నారు.

"రావయ్యా కంప్యూటరు బాబూ! గుడి కాడ జూదం చక్రం పెడతన్నావంట."

"నోరు కడుక్కో! అమ్మ పండగని జూదం అంటావా?" అని ఆయన భార్య లూర్దమ్మ గారు గదిమారు.

ఆయన నవ్వి, నా వైపు తిరిగారు. "నిజం చెప్పు బాబూ. అది దానంతటది ఆగుద్దా, నువ్వు ఆపుతావా?"

దాచడానికి మనసొప్పలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను.

"అంటే నొక్కగానే అయిపోద్దన్నమాట. మరి అది తిరిగినంతసేపూ మేం చేసే ప్రార్థన దండగేనా?"

వేదపాఠాలు చదివి, గుడిలో పదిమందికి బోధించిన నేను, ప్రార్థన మానకండి అని మాత్రం చెప్పి వచ్చేశాను.

పండుగ సాయంత్రం ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. చెంపలు లోపలికి పోయాయి, చేతిలో జపమాల ఉంది. ఫాదర్ గారు ప్రార్థన చెప్పి బటన్ నొక్కారు. పేర్లు గీతల్లా కలిసిపోయి తిరిగాయి. తర్వాత ఒక్కొక్కటే విడివడ్డాయి. బాణం గుర్తు కిందికి 'రాయప్ప' వచ్చేసరికి చక్రం దాదాపు కదలడం లేదు.

"ఆగింది! ఆగింది!" అంటూ లూర్దమ్మ గారు లేచి నిలబడ్డారు.

ఆగలేదు. ఆ పేరు బాణం కిందనుంచి మెల్లగా జరిగింది. పక్కనున్న పేరు వచ్చి నిలిచింది. అది ఆటో నడిపే లాజరుది. పందిట్లో చప్పట్లు కొట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఉపదేశి గారు నా వైపు చూసి తల దించుకున్నారు. లూర్దమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. లాజరు తన తప్పేదో ఉన్నట్టు బెదురుతూ వెళ్ళి, అమ్మకు దండ వేశాడు. తేరు కదిలింది.

నేను కుర్చీ దగ్గరకు వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను. రాయప్ప గారే నా భుజం పట్టుకున్నారు.

"దండగ అవలేదు బాబూ."

"ఏంటండీ?"

"ప్రార్థన. అంతమంది పేర్లు గిర్రున పోయాయి. నా కాడికొచ్చేసరికి అమ్మ నెమ్మదిగా నడిచింది. నా పేరు అందరూ చదివారు. నేనూ చదువుకున్నాను. చాలు."

ఆ నెమ్మది నేను రాసిన లెక్కే. చివరి పేర్లు ఏవైనా అలాగే నిదానంగా దాటుతాయి. కానీ ఆ చివరి పేర్లలో ఆయనది ఉండాలని నేను రాయలేదు. అందుకే ఆయన మాటకు ఎదురు చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఇప్పటికీ రాదు. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలం మొదలవకముందే ఆయన ప్రభువులో నిద్రించారు.

నాది కానిదాన్ని నేను పంచిపెట్టకూడదని బైబిలు వాక్యం నుంచి ముందే నేర్చుకున్నాను. ఇవ్వలేని చోట కూడా మనిషి ముందు నుంచి విసురుగా వెళ్ళిపోకూడదని మాత్రం ఆ సాయంత్రమే నేర్చుకున్నాను. నాకు పని ఇచ్చేవాళ్ళు ఎవరైనా తమ సైట్లో బొమ్మ చూసి "ఆ తిరిగేది త్వరగా ఆపెయ్యండి, టైం వేస్టు" అంటే వాళ్ళకు కావలసినట్టు చేసిస్తాను. గుడి చక్రాన్ని మాత్రం ముట్టుకోలేదు.

మరుసటి ఏడు పేర్లు రాసుకునేటప్పుడు లూర్దమ్మ గారు వచ్చారు. మీ పేరు రాయనా అని అడిగాను.

"ఆయన పేరే ఉంచు బాబూ. దాని మీద ఆగక్కర్లేదు. పోయేటప్పుడు కాస్త కనబడితే చాలు."